తిరుపతిలో ఇంటి కరువు: ఒక సమీక్ష

తిరుపతి నగరపాలక సంస్థ విస్తీర్ణం 27.44 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన శేషాచలం కొండలు. అటువైపు అడవి, దేవస్థానం భూములు తప్ప కొత్తగా వీధి వేయడానికి చోటు లేదు. దక్షిణాన స్వర్ణముఖి, దానికి నీళ్లు చేర్చే వాగులూ చెరువులూ. 2011 జనగణన నాటికి ఈ హద్దుల మధ్య సుమారు 2.87 లక్షల మంది ఉన్నారు. చదరపు కిలోమీటరుకు పదివేల పైచిలుకు అన్నమాట. శివారు ఊళ్లను కలిపి లెక్కిస్తే జనాభా 4.6 లక్షల దాకా వచ్చింది. అప్పటికే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అవిలాల, మంగళం, పేరూరు, అక్కారంపల్లె, శెట్టిపల్లె లాంటి చోట్ల, నగరపాలక సంస్థ గీత అవతల కాపురం ఉంటున్నారు.

సామాన్యుడికి ఇల్లు అందడం లేదన్న మాట మీద ఇక్కడ ఎవరికీ తగాదా లేదు. ఎందుకు అందడం లేదన్నదే తగాదా. కట్టనివ్వకపోవడం వల్లేనని బిల్డర్లు, కాగితాలు సరిగా లేకపోవడం వల్లనని లాయర్లు, ప్రభుత్వం ఇచ్చిన ఇళ్లు ఊరికి దూరంగా ఉండడం వల్లనని లబ్ధిదారులు, అద్దెల గురించి ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనని కిరాయిదారులు అంటున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క కాబట్టి వాదన ఎంత సాగినా తెగడం లేదు.

అందుబాటుకు కొలత

ఇంటి ధర అందుబాటులో ఉందా లేదా అన్నదానికి మన దేశంలో ఎక్కువగా వాడే కొలత 2008లో దీపక్ పరేఖ్ నాయకత్వాన పనిచేసిన టాస్క్‌ఫోర్స్ నుంచి వచ్చింది. నెలవారీ కిస్తీ గానీ అద్దె గానీ కుటుంబ ఆదాయంలో 30 నుంచి 40 శాతం దాటకూడదన్నది దాని సారం. దీన్ని తిరుపతి సంసారానికి అన్వయించి చూడవచ్చు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఆర్థికంగా బలహీన వర్గానికి పెట్టిన పైహద్దు ఏడాదికి 3 లక్షలు, అంటే నెలకు 25,000. అందులో 30 శాతం 7,500. తొమ్మిది శాతం వడ్డీ మీద ఇరవై ఏళ్ల అప్పుకు లక్షకు నెలకు దాదాపు 900 కిస్తీ పడుతుంది. ఆ లెక్కన ఈ కుటుంబం మోయగలిగిన అప్పు 8.3 లక్షలు. చేతి నుంచి పదో వంతు పెట్టుకున్నా ఇంటి ఖరీదు 9.2 లక్షలు దాటకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే మరో 69 వేలు, దీనికి అదనం. ఈ డబ్బుకు నగరం నడిబొడ్డున ఫ్లాటు మాట అటుంచి, శివారులో చిన్న స్థలం కొని గది వేసుకోవడమే గగనం.

తిరుపతిలో స్థలాల ధర చెప్పేది గజాల్లో కాదు, అంకణాల్లో. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు, పక్కనున్న నెల్లూరులో అదే మాటకు 72 చదరపు అడుగులు. రెండు ఊళ్ల ప్రకటనలను పక్కపక్కన పెట్టి ధరలు పోల్చేవారు ముందుగా తడబడేది ఇక్కడే. సెంటు స్థలమంటే తిరుపతి లెక్కలో పన్నెండు అంకణాల చిల్లర.

దేశ స్థాయిలో కొరతను లెక్కగట్టిన పని కూడా ఒకటుంది. అమితాబ్ కుండూ అధ్యక్షతన పనిచేసిన సాంకేతిక బృందం 2012లో పట్టణ ఇళ్ల కొరతను 1.878 కోట్లుగా తేల్చింది. అందులో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. మరో సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ కొరతలో దాదాపు 1.5 కోట్లు ఇల్లు లేకపోవడం వల్ల వచ్చింది కాదు, ఉన్న ఇంట్లో కిక్కిరిసి ఉండడం వల్ల వచ్చింది. బొత్తిగా గూడు లేనివారి వాటా 5.3 లక్షలే. అదే కాలంలో 2011 జనగణన పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని చెప్పింది. కొరత, ఖాళీ పక్కపక్కనే ఉన్న ఈ చిత్రాన్ని వివరించలేని వాదం ఏదైనా సగం వాదమే.

గుడి వీధుల నుంచి జిల్లా కేంద్రం దాకా

దిగువ తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టూ, నాలుగు మాడవీధుల వెంట పెరిగిన ఊరు. 1843 నుంచి 1933 దాకా ఆలయ పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. 1932 చట్టంతో దేవస్థానం కమిటీ ఏర్పడి పాలన చేతులు మారినా మఠం భూములు మఠానివిగానే మిగిలాయి. ఊరి లోపలా చుట్టూ పరుచుకున్న ఈ దేవుడి మాన్యాలూ మఠం భూములే తర్వాతి చిక్కులకు మూలం. అప్పట్లో వాటిలో చాలా భాగం పొలాలే కాబట్టి ఎవరికీ పట్టలేదు.

1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. వెంట వైద్య కళాశాల, వ్యవసాయ కళాశాల, సంస్కృత విద్యాపీఠం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, తర్వాత స్విమ్స్ ఆసుపత్రి వచ్చాయి. దేవస్థానం ఉద్యోగులకు క్వార్టర్లు, గుమాస్తాలకు ఎన్జీవో కాలనీ, మధ్యతరగతికి హౌసింగ్ బోర్డు కాలనీ ఏర్పడ్డాయి. కూలీలు, తోపుడుబండ్లవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు జీవకోన లాంటి కొండ అడుగు జాగాల్లో, చెరువు గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. 1981లో తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అందరూ పిలిచే ‘తుడా’, పుట్టేనాటికి ఊరి జనాభా లక్షా పదిహేను వేలు. ముప్పై ఏళ్లలో అది రెండున్నర రెట్లయింది.

ఇటీవలి ఒత్తిడికి కారణాలు వేరు. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. వాటి శాశ్వత ప్రాంగణాలు ఏర్పేడు వైపు ఉన్నా, అధ్యాపకుల కుటుంబాలు బడుల కోసం, ఆసుపత్రుల కోసం తిరుపతినే ఎంచుకున్నాయి. కరకంబాడిలో అమరరాజా, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు, కాస్త దూరంలో శ్రీసిటీ ఉద్యోగాలు పెంచాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా కేంద్రమైంది. చిత్తూరులో ఉన్న కార్యాలయాల పనిలో కొంత ఇక్కడికి వచ్చింది. వీటన్నిటి పైన రోజుకు అరవై డెబ్బై వేల మంది యాత్రికులు. వాళ్లకు ఊళ్లో ఓటు లేదు, రేషన్ కార్డు లేదు. కానీ రాత్రికి పడక కావాలి. జనగణన లెక్కలో కనిపించని ఈ జనమే బస్టాండు, రైల్వేస్టేషన్ చుట్టుపక్కల ప్రతి అంకణం ధరనూ నిర్ణయిస్తున్నారు.

మొదటి వాదం: కట్టనిస్తే ధర దిగుతుంది

ఇళ్ల ధరలు పెరగడానికి అసలు కారణం నిర్మాణం మీద ఆంక్షలేనన్న వాదానికి అమెరికా ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ గ్లేజర్, జోసెఫ్ గ్యూర్కో బలమైన లెక్కలు సమకూర్చారు. భారత నగరాల విషయంలో ఎలెన్ బెర్టో లాంటి ప్రణాళికా నిపుణులు తక్కువ ఎఫ్ఎస్ఐని, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న పరిమితిని, తప్పుపట్టారు. ముంబయి చర్చంతా దీని చుట్టూనే తిరిగింది.

ఆ చర్చను ఉన్నదున్నట్టుగా తిరుపతికి తెచ్చి అతికిస్తే కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచే ఎఫ్ఎస్ఐని పక్కనపెట్టి, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌ల ఆధారంగా ఎత్తును నిర్ణయించే పద్ధతి మొదలైంది. 2012లో జీవో 168, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119 అదే దారిలో నడిచాయి. కాబట్టి ఇక్కడ అడ్డు కాగితం మీది అంకె కాదు, వీధి వెడల్పు. పాత ఊళ్లోనూ, అనుమతి లేని లేఅవుట్లలోనూ వీధులు ఇరవై అడుగులు దాటవు. అక్కడ అపార్ట్‌మెంట్ లేవాలంటే ముందు రోడ్డు వెడల్పు కావాలి, అందుకు ఎవరో ఒకరు స్థలం వదులుకోవాలి.

మాస్టర్‌ప్లాన్ రోడ్ల కోసం నగరపాలక సంస్థ ఇటీవలి ఏళ్లలో చేసిన ప్రయత్నం ఈ కోణం నుంచే చూడాలి. కొత్త రోడ్లు పడ్డాయి, లోపలి పొలాలకు దారి దొరికింది. స్థలం ఇచ్చినవారికి డబ్బు బదులు టీడీఆర్ బాండ్లు, అంటే మరోచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాలు, ఇచ్చారు. వాటి జారీ తీరు మీద రేగిన ఆరోపణలు రాజకీయ వివాదంగా మారాయి. ఆ రగడలో అసలు ప్రశ్న మరుగున పడిపోయింది. బాండును కొని ఎక్కడో ఒకచోట అదనపు అంతస్తు వేసే బిల్డరు, ఆ అంతస్తును ఎవరికి అమ్ముతాడు?

ఈ వాదానికి తిరుపతి పెట్టే పరీక్ష అదే. యాత్రికుల రద్దీ ఉన్న చోట గజం స్థలం లాడ్జీకి తెచ్చిపెట్టే రాబడి ముందు కాపురానికి ఇచ్చే అద్దె ఏ మూలకు? శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం లాంటి వసతి సముదాయాలు దేవస్థానం కట్టినా రద్దీ తీరలేదు. లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల అనుమతులు సడలిస్తే అక్కడ లేచేవి లాడ్జీలే గానీ గుమాస్తాలు కాపురం ఉండే ఫ్లాట్లు కావు. సరఫరా పెరిగితే ధర తగ్గుతుందన్న సూత్రం తప్పు కాదు. అయితే ఏ సరుకు సరఫరా పెరుగుతుందో ఆ సూత్రం చెప్పదు.

సరఫరా వాదం బలంగా నిలిచే చోటు శివార్లు. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చడం, లేఅవుట్ అనుమతి, రోడ్లు, కాలువలకు వదలాల్సిన వాటా, రెరా నమోదు అన్నీ దాటుకొచ్చిన ప్లాటు ధర, ఏదీ దాటని ప్లాటు ధర కంటే బాగా ఎక్కువ. అందుకే చిన్న ఆదాయాలవాళ్లు రెండోదే కొంటారు. తర్వాత ఎప్పుడో ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, వస్తుందని ఎదురుచూస్తారు. కొన్నేళ్లకోసారి క్రమబద్ధీకరణ ప్రకటించే ప్రభుత్వాలు ఆ ఎదురుచూపును వమ్ము చేయలేదు కూడా.

రెండో వాదం: ఇల్లుంది, హక్కు లేదు

పేదల దగ్గర ఆస్తి లేక కాదు, ఆస్తికి కాగితం లేక అది పెట్టుబడిగా మారడం లేదని పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో 2000లో వాదించాడు. అంతకు ముందే 1970లలో జాన్ టర్నర్, ఇళ్లు కట్టివ్వడం కంటే భద్రత ఉన్న జాగా చూపిస్తే జనమే మెల్లగా కట్టుకుంటారని చెప్పాడు. ఈ వాదాలకు తిరుపతి కంటే మంచి నమూనా వెతికినా దొరకదు.

ఇక్కడి భూమిలో మూడు రకాలు రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప దాటలేవు. మొదటిది దేవదాయ భూములు. 1987 దేవదాయ చట్టం ప్రకారం ముందస్తు అనుమతీ బహిరంగ వేలమూ లేకుండా వాటిని అమ్మితే అమ్మకం చెల్లదు. రెండోది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, రాయలసీమ వాడుకలో డీకేటీ పట్టాలు. 1977 చట్టం వాటి బదిలీని నిషేధించింది. మూడోది చెరువు, వాగు పోరంబోకులు. ఈ మూడింటినీ రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో పెడతారు. 2007 సవరణ తర్వాత ఈ జాబితాకు పదును పెరిగింది. ఒక సర్వే నంబరులో కొంత భాగమే మఠానిదైనా మొత్తం నంబరు జాబితాకెక్కిన ఉదంతాలు రాష్ట్రమంతటా ఉన్నాయి.

జాబితాకెక్కినంత మాత్రాన ఇళ్లు ఆగలేదు. మఠం భూముల్లో, డీకేటీ భూముల్లో అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. కరెంటు మీటరుంది, ఇంటిపన్ను రసీదుంది, కొళాయి ఉంది. లేనిది బ్యాంకు అప్పు ఒక్కటే. దాని బరువు ఎంతో చిన్న లెక్క చెబుతుంది. ఐదు లక్షలు పెట్టి రెండు గదులు వేసుకోవాలనుకున్న కుటుంబానికి, పక్కా డాక్యుమెంట్ ఉంటే తొమ్మిది శాతం బ్యాంకు అప్పు దొరుకుతుంది. ఇరవై ఏళ్ల కిస్తీ నెలకు 4,500. అదే కుటుంబం అగ్రిమెంటు కాగితం మీద కొన్న డీకేటీ స్థలంలో ఉంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తేవాలి. వడ్డీకే నెలకు 10,000 పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇటుక ధర, సిమెంటు ధర, మేస్త్రీ కూలి రెండిళ్లకూ ఒకటే. పేదవాడికి చవగ్గా దొరికిన స్థలం చివరికి డబ్బున్నవాడి స్థలం కంటే ఖరీదై కూర్చుంటుంది. అందుబాటు చర్చలో చదరపు అడుగు రేటు గురించి మాట్లాడినంత ఈ వడ్డీ తేడా గురించి మాట్లాడకపోవడం ఆశ్చర్యమే.

ఈ ముడి విప్పడానికి జరిగిన ప్రయత్నాలు తక్కువేం కాదు. శెట్టిపల్లెలో ఏళ్ల తరబడి నలిగిన భూముల సమస్యకు తుడా ల్యాండ్ పూలింగ్ దారి పట్టింది. అందరి భూమినీ కలిపి, రోడ్లు వేసి, హక్కుదారులకు తిరిగి ప్లాట్లు పంచడం ఈ పద్ధతి. రాష్ట్ర స్థాయిలో 2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక, పేదల నుంచి ముందే కారుచవకగా కొనిపెట్టుకున్నవారికే లాభం దక్కిందన్న అనుమానంతో ఆ రిజిస్ట్రేషన్లను ఆపి విచారణకు దిగారు. హక్కు ఇవ్వాలనేవారూ ఇవ్వకూడదనేవారూ పేదల పేరే చెబుతున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అమ్ముకునే హక్కు రాగానే అమ్మించే ఒత్తిడి కూడా వస్తుంది.

డి సోటో ఆశించినంత ఫలితం కాగితం ఒక్కటే ఇస్తుందా అన్నదానికి అర్జెంటీనాలో సెబాస్టియన్ గలియాని, ఎర్నెస్టో షర్‌గ్రోడ్‌స్కీ చేసిన అధ్యయనం జవాబిచ్చింది. పట్టా దొరికిన కుటుంబాలు ఇంటి మీద ఎక్కువ ఖర్చుపెట్టాయి, పిల్లల చదువు మెరుగైంది, అప్పు దొరకడంలో మాత్రం పెద్ద మార్పు లేదు. పట్టా చూపినా, నికరమైన జీతం కనిపించకపోతే బ్యాంకు తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు.

దేవదాయ భూముల విషయంలో మరో వైపూ చూడాలి. దేవుడి మాన్యం అమ్మకానికి సరుకు కాదన్నది చట్టం కంటే పాత నమ్మకం. ఆక్రమణలను క్రమబద్ధీకరిస్తే రేపటి ఆక్రమణకు పిలుపు ఇచ్చినట్టవుతుందన్న భయం నిరాధారం కాదు. దీర్ఘకాల లీజు, మార్కెట్ ధరలో కొంత భాగం వసూలు, ప్రత్యామ్నాయ భూమి లాంటి మధ్యేమార్గాలు ప్రస్తావనకు వస్తూ ఉంటాయి. ఏదీ నిలదొక్కుకోలేదు.

మూడో వాదం: ప్రభుత్వమే ఇవ్వాలి

ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో ఇల్లంటే సంక్షేమ పథకం. 1979లో గృహనిర్మాణ సంస్థ, 2006లో ఇందిరమ్మ ఇళ్లు, 2015 తర్వాత ప్రధానమంత్రి ఆవాస్ యోజన అండతో పట్టణాల్లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. 300, 365, 430 చదరపు అడుగుల మూడు కొలతల్లో, జీ ప్లస్ త్రీ బ్లాకుల్లో అవి లేచాయి. 2019 తర్వాత విధానం అపార్ట్‌మెంట్ నుంచి స్థలానికి మళ్లింది. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో 30 లక్షలకు పైగా పట్టాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి లక్షా ఎనభై వేల సాయం, 340 చదరపు అడుగుల నమూనా. 2024లో వచ్చిన ప్రభుత్వం కొత్త పట్టాలకు పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లని ప్రకటించింది.

రెండు నమూనాలకూ వేర్వేరు గుణాలున్నాయి. టిడ్కో ఫ్లాటు తక్కువ భూమి తింటుంది, కట్టి చేతికిస్తుంది. అయితే లబ్ధిదారుడి వాటా, బ్యాంకు అప్పు ముడిపడి ఉన్నందువల్ల నిర్మాణం ఆగితే ఇల్లు రాకముందే కిస్తీ భయం మొదలవుతుంది. పైగా నాలుగు అంతస్తుల ఇంట్లో గేదె కట్టలేరు, తోపుడుబండి నిలపలేరు, పై గది వేయలేరు. సెంటు పట్టా ఆ స్వేచ్ఛనిస్తుంది, కుటుంబం పెరిగితే పైకి కట్టుకోవచ్చు. కానీ పన్నెండు అంకణాల్లో ఇల్లు కట్టాక మిగిలేది గుమ్మం ముందు చెప్పులు విడిచే జాగా. లక్షా ఎనభై వేలకు ఇల్లు పూర్తికాదు, మిగతాది అప్పే. టర్నర్ చెప్పిన ‘జాగా చూపిస్తే కట్టుకుంటారు’ సూత్రానికి ఇది దగ్గరిదే. ఆయన పెట్టిన షరతు, జాగా పనికి దగ్గరుండాలన్నది, ఇక్కడ జారిపోయింది.

నగరం లోపల భూమి లేదు కాబట్టి తిరుపతి పట్టణ లబ్ధిదారులకు చుట్టుపక్కల మండలాల్లో లేఅవుట్లు వేశారు. గోవిందరాజస్వామి గుడి వీధుల్లో పూలు అమ్మే మనిషికి, తెల్లవారుజామున లాడ్జీలో దుప్పట్లు మార్చే ఆమెకు, ఇరవై కిలోమీటర్ల అవతల ఇచ్చిన ఇల్లు ఆస్తి అవుతుంది గానీ నివాసం అవడం కష్టం. ఈ సమస్య మీద మన దేశంలోనే గట్టి అధ్యయనం ఉంది. అహ్మదాబాద్‌లో లాటరీ ద్వారా శివారు ఇళ్లు పొందిన కుటుంబాలను షరాన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే పద్నాలుగేళ్ల తర్వాత వెతికి చూశారు. గెలిచినవారిలో 34 శాతం అసలు అక్కడికి వెళ్లనే లేదు, మరో 32 శాతం వెళ్లి తిరిగొచ్చారు. ఉన్నవారికి ఇల్లు మెరుగైంది, ఆదాయం పెరగలేదు, చుట్టాలూ ఇరుగుపొరుగూ దూరమయ్యారు. ముంబయిలో ఇలాంటి లాటరీ మీద తను కుమార్ చేసిన పరిశోధన కొంత ఆశ కలిగించే ఫలితాలు చూపింది. అక్కడ ఫ్లాటును అద్దెకివ్వడానికి, కొంతకాలం తర్వాత అమ్మడానికి వీలుంది. అంటే ఇంటి విలువ కుటుంబానికి చేరే దారి మూసుకోలేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే, ఆంధ్రప్రదేశ్ పథకాల్లో అమ్మకం మీదా అద్దె మీదా ఉన్న నిషేధాల సంగతి మళ్లీ ఆలోచించాలనిపిస్తుంది.

దూరానికి తోడు పల్లం. 2021 నవంబరు 18న కురిసిన కుండపోతకు కొండ నీళ్లు ఊరి మీద పడ్డాయి. లోతట్టు కాలనీలు నడుములోతు నీళ్లలో నిలిచాయి. కొద్ది రోజుల పాటు రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. చవకైన భూమి చవకగా ఎందుకుందో ఆ వారం చెప్పింది. ప్రభుత్వ లేఅవుట్ అయినా ప్రైవేటు వెంచర్ అయినా నీటి దారిని గుర్తించకుండా వేసిన ప్లాటు ధరలో వరద ఖర్చు దాగి ఉంటుంది.

నాలుగో వాదం: అద్దె సంగతేమిటి

అన్నిటికంటే తక్కువ మాటలు నడిచింది దీని మీదే. 1961లో దేశంలోని పట్టణ కుటుంబాల్లో సగానికి పైగా అద్దె ఇళ్లలో ఉండేవి. 2011 నాటికి ఆ వాటా 27.5 శాతానికి పడిపోయింది. ఉమ్మడి రాష్ట్రపు 1960 అద్దె నియంత్రణ చట్టం 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లను మినహాయించింది. ఏళ్లు గడిచినా ఆ మినహాయింపు కొనసాగడం సమానత్వానికి విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నియంత్రణ భయంతో యజమానులు ఇళ్లను ఖాళీగా ఉంచుతున్నారన్నది ఉదారవాదుల ఫిర్యాదు. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా చట్టం నివాస గృహాల అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేయమంది.

ఆచరణలో తిరుపతి అద్దెలు ఈ చట్టాల నీడలో లేవు. ఒప్పందం పదకొండు నెలలకు, అదీ రిజిస్ట్రేషన్ లేకుండా. ఎక్కువ చోట్ల నోటి మాటే. ‘టు-లెట్’ బోర్డు కింద కులం, మాంసాహారం, పెళ్లికాని కుర్రాళ్లు అన్న మూడు ప్రశ్నలు దాటితేనే అద్దె దాకా మాట వస్తుంది. ఒకే ఇంట్లో పైఅంతస్తు కుటుంబానికిచ్చే కంటే గదికి నలుగురు చొప్పున విద్యార్థులకిస్తే యజమానికి ఎక్కువ వస్తుంది. కొన్ని ఇళ్లు యాత్రికులకు రోజువారీ గదులుగా మారాయి. 2020లో వచ్చిన అందుబాటు అద్దె సముదాయాల పథకం వలస కూలీల కోసం ఉద్దేశించింది. సొంతింటి కల చుట్టూ అల్లుకున్న రాజకీయంలో దానికి చోటు దొరకలేదు. పట్టా ఇచ్చిన నాయకుడి ఫొటో గోడ మీద ఉంటుంది. అద్దె తగ్గించిన నాయకుడికి ఆ భాగ్యం ఉండదు.

వాదాలు కలిసేచోటు, విడిపోయేచోటు

నాలుగు వాదాలూ అన్ని చోట్లా పరస్పరం కొట్టుకోవు. రోడ్డు వెడల్పు, కాలువ, అనుమతి పొందిన లేఅవుట్ చవగ్గా వేగంగా దొరకాలన్నదాంట్లో మొదటి, రెండో వాదాలకు పేచీ లేదు. శివారు ఇళ్లకు బస్సు, బడి, పని తోడు కావాలన్నదాన్ని మూడో వాదం వారే ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. తగాదా మిగిలేది రెండు చోట్ల. మొదటిది, ఊరి నడుమనున్న దేవదాయ, ప్రభుత్వ భూమిని అద్దె ఇళ్లకు వాడవచ్చా అన్నది. దేవస్థానం తన ఉద్యోగులకు క్వార్టర్లు కట్టింది, యాత్రికులకు సత్రాలు కట్టింది. ఆ యాత్రికులకు సేవ చేసి బతికే వేలాది మందికి అద్దె గది ఏ పద్దు కింద వస్తుందో ఎవరూ తేల్చలేదు. రెండోది, ప్రభుత్వ సొమ్మును ఎక్కువ మందికి తక్కువ చొప్పున పంచాలా, తక్కువ మందికి పనికొచ్చేలా ఖర్చుపెట్టాలా అన్నది. పట్టణంలో సెంటు నుంచి రెండు సెంట్లకు మారిన విధానం ఈ ప్రశ్నకు జవాబు మార్చింది. భూమి ఎక్కడన్న ప్రశ్నను మాత్రం అది ముట్టుకోలేదు. ఇచ్చే కొలత రెట్టింపైతే లేఅవుట్ మరింత దూరం జరుగుతుంది.

తేలనివి

చుట్టుపక్కల పంచాయతీలను కలిపి పెద్ద తిరుపతి చేయాలన్న ప్రతిపాదన ఎన్నాళ్లుగానో నలుగుతోంది. కలిస్తే డ్రైనేజీ, రోడ్లు ఒకే ప్రణాళిక కిందికి వస్తాయి, పంచాయతీ అనుమతితో లేచిన నాలుగంతస్తుల ఇళ్లకు నిబంధన తగులుతుంది. ఇంటిపన్ను పెరుగుతుందనీ ఉపాధి హామీ పనులు పోతాయనీ పంచాయతీల భయం. కలిస్తే శివారు స్థలాల ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానికి రెండు వైపులా తర్కముంది. సౌకర్యం ధరను పెంచుతుంది, అనుమతి పొందిన ప్లాట్ల సంఖ్య దాన్ని దించుతుంది.

నిషేధిత జాబితాను సర్వే నంబరు స్థాయి నుంచి ఉపవిభాగం స్థాయికి దించితే ఎన్ని ఇళ్లకు అప్పు అర్హత వస్తుందన్నది మరో ప్రశ్న. భూముల రీసర్వే ఈ పని చేయగలదు. అయితే హద్దు కచ్చితంగా తేలిన చోట కొందరికి ఊరట, కొందరికి నోటీసు వస్తాయి. ఆ రెండో జట్టుకు ఏం చెప్పాలో ఏ వాదమూ చెప్పలేదు.

ఖాళీ ఇళ్ల లెక్క మూడోది. 2011 తర్వాత జనగణన జరగలేదు. కొత్త గణన 2027 మార్చి 1 ప్రాతిపదికన జరగాల్సి ఉంది, దానికి ముందు ఇళ్ల లెక్కింపు. ఖాళీగా ఉన్న ఇల్లు, తాళం వేసిన ఇల్లు, యాత్రికులకు రోజువారీగా ఇచ్చే ఇల్లు, విద్యార్థులకు పడకల లెక్కన ఇచ్చే ఇల్లు వేర్వేరుగా నమోదైతే కొరత ఎంత, వాడకం మారడం వల్ల వచ్చిన లోటు ఎంత అన్నది విడదీయవచ్చు. అన్నిటినీ ‘ఇతర వినియోగం’ గడిలో వేస్తే 2011 నాటి గందరగోళమే మరో పదేళ్లు సాగుతుంది.